పచ్చరంగు కింద ఏడో గుంత

నాకు భయం ఎక్కువ. తాడును చూసినా పామనుకునే రకం. అలాంటిదాన్ని గుంతల్లోకి దిగే ఉద్యోగంలో చేరానని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. నేల సర్వే అంటే అదే మరి. మనిషి నిలువు గుంత తవ్వించి, అందులోకి దిగి, గోడను కత్తితో గీకి చూడాలి. పైన ఏ మట్టి, కింద ఏ మట్టి, నీళ్లు ఇంకుతాయా, గోడ నిలుస్తుందా, అన్నీ కాగితం మీద రాసుకోవాలి.

ఒక ఎండాకాలం శంషాబాద్ నుంచి హిమాయత్ సాగర్ వైపు పోయే దారిలో ఒక ఊళ్లో తొమ్మిది గుంతలు తవ్వించాను. తవ్వింది ఆ ఊరి రైతే. మా నాన్న కంటే నాలుగైదేళ్లు చిన్న. నేను కాకా అనేదాన్ని, ఆయన బిడ్డా అనేవాడు. చుట్టూ పొలాలన్నీ ప్లాట్లయిపోగా ఆయనకొక ఎకరం మిగిలింది. ఏడో గుంత అందులోనే పడింది. గడ్డపార వేయకముందే చెప్పాడు.

"ఈడ జర పైలం బిడ్డా. మా తాతల నాడు ఈడ వాగుండేనట. పైన ఎర్ర చెల్క, కింద అంత ఇసుకనే."

నేను దిగి గోడ గీకుతుంటే నెత్తి మీది నుంచి విమానం దిగుతోంది. ఆ మోతలో గోడ జారిన చప్పుడు నాకు వినపడలేదు. చూసుకునేసరికి తొడల దాకా ఇసుకలో ఉన్నాను. కాకా గట్టు మీద బోర్లా పడుకుని నా రెండు చేతులూ పట్టుకుని లాగాడు. చెప్పు ఒకటి లోపలే ఉండిపోయింది. ఈ సంగతి ఆఫీసులో చెప్పలేదు, చెబితే మళ్లీ బయటి పనికి పంపరేమోనని అదొక భయం. కాగితం మీద మాత్రం రాశాను: ఏడో గుంత, అడుగున ఇసుక, గోడ నిలవదు.

ఆ కాగితాలను మ్యాపుగా మార్చడం రెండో పని. ఆ ఊరి నేలంతా మ్యాపులో ఒకే ముక్క. ముక్కకు ఒకే రంగు వేయాలి. తొమ్మిది గుంతలు తొమ్మిది మాటలు చెబుతుంటే ఒక్క మాటగా కుదించేదెలా? కంప్యూటరు మూడు దారులు చూపిస్తుంది. ఎక్కువ భాగం నేల ఏం చెబితే అదే ఖాయం చేయవచ్చు. అన్నీ కలిపి సగటు తీయవచ్చు. లేదంటే అన్నిట్లో చెడ్డదాన్నే పైకి తేవచ్చు. పంటల మ్యాపులకు మేమెప్పుడూ మొదటి దారే వాడతాం. అందులో తప్పేమీ లేదు. ఒక మూల మొక్కజొన్న సరిగ్గా రాకపోతే ఎవరి ప్రాణం మీదికీ రాదు.

ఆ ఊరికి మాత్రం ఆఫీసులో అడిగింది వేరే మ్యాపు. గుంత తవ్వితే గోడ ఎక్కడ నిలుస్తుందో చూపించాలి. అలాంటప్పుడు చెడ్డ గుంత మాటే వినాలి. ఆ సంగతి నాకు తెలుసు. అయినా అలవాటు పడిన చెయ్యి మొదటి దారినే నొక్కింది. ఎనిమిది గుంతలు నిలుస్తుందన్నాయి. ముక్కంతా పచ్చగా మారింది. గుంతలో దిగాలంటే వణికే నాకు కంప్యూటరు ముందు కూర్చుంటే ఏ భయమూ ఉండదు. అదే నా కొంప ముంచింది.

వానలు వెళ్లాక ఇంకో పని మీద పోతూ ఆ ఊళ్లో బస్సు మారాల్సి వచ్చి, టీ తాగుదామని పంచాయతీ ఆఫీసు దగ్గర ఆగాను. గోడ మీద ఫ్లెక్సీ కట్టి ఉంది. నా మ్యాపే. పచ్చరంగు ఉన్నచోట తవ్వకానికి అనుకూలమని కింద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నా చూపు నేరుగా ఏడో గుంత ఉన్న మూలకు పోయింది. వాకిలి ఊడుస్తున్న ఆమెను అడిగాను, ఊళ్లో ఎవరైనా తవ్వుతున్నారా అని.

"మీకు గుంతలు తవ్విన కాకనే తవ్వుతుండు. క్యాబు డ్రైవర్లకు కిరాయి రూములు కడుతుండు గద, సెప్టిక్ ట్యాంకుకు. జేసీబీ పోయే తొవ్వ లేదని చేతితోనే తవ్వుతుండు. మూడు దినాలాయె."

కాకాకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఇక ఆటో కోసం చూడకుండా ఆయన ఎకరం వైపు పరుగెత్తాను. గోదాములకు పోయే లారీలు పక్కనుంచి వెళుతుంటే ఒక్కో లారీకీ కాళ్ల కింద నేల అదురుతోంది. ఈ అదురు ఆ గోడ దాకా పోతుందా, ఎంతసేపట్లో పోతుంది, ఇవే లెక్కలు తలలో.

గుంత అంచున ఆయన భార్య తాడుతో మట్టి తట్ట పైకి లాగుతోంది.

"ఏంది బిడ్డా, గట్ల రొప్పుతున్నవ్?"

వంగి చూశాను. రెండు నిలువుల లోతున కాకా తలకు చుట్టుకున్న తువ్వాలు ఒక్కటే కనిపించింది. ఆయన వెనక, గోడ అడుగు నుంచి, చిల్లుపడ్డ సంచిలోంచి జొన్నలు కారినట్టు ఇసుక సన్నగా రాలుతోంది. గట్టిగా అరిస్తే ఆ అరుపుకే కూలుతుందేమోనని భయం.

"కాకా, మెల్లగ పైకి రా."

"ఇంక రెండు తట్టలే ఉన్నయ్ బిడ్డా. ఎత్తి వస్త."

"తట్టలొద్దు కాకా. నీ కాళ్లు మొక్కుత, ఇప్పుడే రా."

నా గొంతు విని ఆయన పార కింద పెట్టాడు. నిచ్చెన ఎక్కుతుంటే ఒక్కో మెట్టుకూ ఒక దేవుణ్ని మొక్కాను. చేతికి అందగానే రెండు చేతులూ పట్టుకుని లాగాను. ఆయనకు ఆ అవసరమే లేదు, నాకే ఉంది.

ప్లాస్టరింగ్ కాని గది గోడకు ఆనుకుని కూర్చున్నాం. ఇది ఏడో గుంత పక్కనే అని, కింద ఇసుక అని చెప్పాను. ఆయన నవ్వాడు.

"నాకు ఎరుక లేదా? నీకు చెప్పిందే నేను గద."

"మరెందుకు దిగినవ్ కాకా?"

"నువ్వు పచ్చరంగేసినవ్ గద. పంచాయతీల జూసిన. బిడ్డ సదువుకున్నది, ఊరంత జూసి చెప్పింది, నాకేం ఎరుక అనుకున్న."

ఆయన చెప్పిన మాటను నేను కొట్టేశాను. నా మ్యాపు చూసి ఆయన కూడా ఆ మాటను కొట్టేసుకున్నాడు. సిగ్గుతో తలెత్తలేకపోయాను.

నా మొహం చూసి ధైర్యం చెబుదామనుకున్నాడో ఏమో, కాకా లేచి పొడుగాటి వెదురు బొంగు తీసుకుని దూరంగా నిలబడి గుంత గోడను పొడిచాడు. "సూడు, రాయి లెక్కున్నది," అంటూనే ఉన్నాడు. ముందు గోడ అడుగున ఇసుక జారింది, తర్వాత పైనున్న చెల్క మట్టి మొత్తం కూర్చుంది. పెద్ద చప్పుడు కూడా కాలేదు. దుమ్ము తగ్గాక చూస్తే నిచ్చెన సగానికి పైగా కూరుకుపోయింది. పార లేదు, తట్టలు లేవు. కాకా చేతిలోని బొంగు వదిలేశాడు.

ఆయన భార్య నా వైపు తిరిగింది.

"ఆ ఏడో గుంత సంగతి రాయలేదా బిడ్డా నువ్వు?"

"రాసిన చిన్నమ్మా."

"మరి యాడబోయింది?"

"తొమ్మిదిట్ల ఒక్కటే గద. లెక్కల రాలే."

ఆమె పూడిపోయిన గుంత వైపు చూసింది.

"నాకు సుత గీయన ఒక్కడే గద," అన్నది. కోపంగా అనలేదు.

ఆఫీసులో చెప్పడం, మ్యాపు మార్చడం మర్నాటి పని. అందాకా ఆగే ధైర్యం నాకు లేకపోయింది. గేట్లకు వేయడానికి కాకా తెచ్చిన ఎర్రరంగు డబ్బా, కుంచె అడిగి తీసుకుని పంచాయతీ దగ్గరికి వెళ్లాను. ఫ్లెక్సీలో ఆ మూల మీద నా చేత్తోనే పూశాను. ఎరుపు పక్కవాళ్ల పొలంలోకి కూడా పాకింది. తుడవకుండా అలాగే వదిలేశాను.