మూడో అంతస్తు పానీవాలా

ఇరవై మూడేళ్ళ వయసులో మనిషికి తెలియని విషయమంటూ ఉండదు. తొంభైల మొదట్లో ఒమన్‌లో, అల్ ఖౌద్ సైటు మీద ఇటుకలు మోస్తున్న ఆ రోజుల్లో నా సంగతీ అంతే. (బీఏలో చరిత్ర పేపరు ఒక్కటే తప్పాను కాబట్టి మిగిలిన ప్రపంచమంతా నాకు వచ్చినట్టే లెక్క.) "రాసిందాని కన్న ముందు రాసినోణ్ణి చూడుండ్రిరా" అని మా జగిత్యాల కాలేజీ చరిత్ర సారు మొత్తుకునేవారు. ఆ ఒక్క మాట తప్ప ఆయన చెప్పినవన్నీ నాకు గుర్తే.

మా రూమ్‌లో ఫిలిప్పీన్స్ ఎలక్ట్రీషియన్ ఒకతను ఉండేవాడు. అందరం అతన్ని కుయా అనేవాళ్ళం, వాళ్ళ తగాలోగ్ భాషలో అన్న అని. ఇబ్రాలో ఒకరింట పిల్లల్ని చూసుకునే వాళ్ళ దేశపు అమ్మాయి మీద అతనికి ప్రాణం. అమ్మాయికి తల్లీతండ్రీ లేరు. సరే అనాల్సింది అల్ ఖౌద్‌లో నర్సుగా ఉన్న వాళ్ళక్క. ఆవిడ అవుననదు, కాదనదు. ఇటు కుయా వీసా మూడు నెలల్లో అయిపోతుంది. ఆలోగా మాట రాకపోతే అమ్మాయిని ఇక్కడే వదిలేసి ఒంటరిగా విమానం ఎక్కాల్సిందే.

పాపం, తిండి మానేశాడు. నేనేమో అతని పెట్టెలో ఇంగ్లీషులో ఉన్న వాళ్ళ దేశ చరిత్ర పాఠ్యపుస్తకం తీసి, రెండు రాత్రుళ్ళలో మందు కనిపెట్టాను. నాలుగొందల ఏళ్ళ కిందట అక్కడికి వెళ్ళిన స్పెయిన్ పాదిరీల రాతల ప్రకారం, తగాలోగ్ కుర్రవాడు పిల్లనడగాలంటే ముందు పిల్ల ఇంట్లో నీళ్ళు మోయాలి, కట్టెలు కొట్టాలి, నౌకరులాగా చాకిరీ చేయాలి. తను పట్నంలో పెరిగానని, ఇలాంటివి ఎన్నడూ చూడలేదని కుయా నసిగాడు. అచ్చులో ఉన్నదానికి తిరుగేమిటని నేను దబాయించాను.

అలా ప్రతి శుక్రవారం డ్యూటీ లేని పూట, అక్క ఉండే లిఫ్టు లేని బిల్డింగు మూడో అంతస్తుకు కుయా రెండేసి నీళ్ళ క్యాన్లు మోశాడు. కట్టెల బదులు గ్యాస్ సిలిండరు అనుకున్నాం. అది నా వంతయింది. (సలహా ఇచ్చిన పాపానికి.) కింద గేటు దగ్గర వాచ్‌మన్ చాచా మమ్మల్ని ఎగాదిగా చూసి రిజిస్టరులో ఏదో రాసుకునేవాడు. "నల్లల నీళ్ళస్తుంటే మోసుడేందిరా, పిచ్చి గిట్ల లేసిందా మీకు?" అని మా రూమ్‌లో అందరికన్నా పెద్దవాడు, కాకా, రోజూ తిట్టేవాడు.

ఏడో శుక్రవారం అక్క మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. మేం మోసినవే. తమ ఇంట్లో కుళాయి ఉన్న సంగతి గమనించారా అని అడిగింది. కుయా తల దించుకున్నాడు. వీడి కొంప ముంచానురా దేవుడా అనుకున్నాను. తప్పంతా నాదేనని, పుస్తకమనీ పాదిరీ అనీ వచ్చీరాని ఇంగ్లీషులో మొత్తం కక్కేశాను.

ఆవిడ చాలాసేపు నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని కుయా వైపు తిరిగింది. "పాదిరీ సంగతి నాకు తెలియదు. మా నాన్న మాత్రం మా అమ్మ కోసం రెండేళ్ళు నీళ్ళు మోశాడు. వాళ్ళ ముంగిట్లోనే బావి ఉంది. నీళ్ళ కోసమా మోయించింది? ఎప్పుడు విసుక్కుంటాడో చూద్దామని. నువ్వు విసుక్కోలేదు. చెల్లెలికి నేనే కబురు చేస్తాను."

కుయా ఏడ్చాడు. నాకేం సంబంధమో గానీ నేనూ ఏడ్చాను.

దిగి వస్తూ, మా గురించి ఇన్నాళ్ళూ ఏం రాశావని చాచాను అడిగాను. ఆయన ఉర్దూ అక్షరాల మీద వేలు పెట్టి చదివాడు: పానీవాలా ఒకడు, హెల్పర్ ఒకడు. నాకు ఒళ్ళు మండింది. అతను పానీవాలా కాదు, పెళ్ళికొడుకని గట్టిగా చెప్పాను. చాచా కళ్ళజోడు తీసి నిమ్మళంగా అన్నాడు, "బేటా, నాకు కనబడింది నేను రాసిన."

ఆ గేటు దగ్గర మా సారు మాట గుర్తుకొచ్చింది. పాదిరీ కూడా కనబడిందే రాసుంటాడు. చాకిరీ కనబడింది. కళ్ళు తుడుచుకునే అక్కలు ఆయనకు కనబడి ఉండరు.

ఆ రిజిస్టరు ఎప్పుడో చిత్తు కాగితాల్లో పోయే ఉంటుంది. ఒకవేళ ఎవరికైనా దొరికితే, మూడో అంతస్తు వాళ్ళు నీళ్ళు తెగ తాగేవారని రాస్తారు కాబోలు. పానీవాలా వెనక సిలిండరు మోసిన హెల్పర్‌కు చరిత్ర పరీక్ష ఒకటి మిగిలి ఉందని, వాడు ఆ రోజు రూమ్ దాకా కళ్ళు తుడుచుకుంటూ నడిచాడని ఎవరు రాస్తారు? అందుకే నేనే రాశాను. రాసినవాణ్ణి కూడా కాస్త చూసి మరీ నమ్మండి.