మా నాన్న ఓపికంతా ఆ కోచ్‌కే

మా చిన్నప్పుడు... ఆదివారం తెలుగు ఆరాధన ఎవరో ఒకరి ఇంటి బేస్‌మెంట్‌లో జరిగేది. మాది అమెరికాలో, మిషిగన్ రాష్ట్రంలోని ట్రాయ్ ఊరు. చివరి ఆమెన్ వినపడగానే పైన వంటింట్లో తపేలాల మూతల చప్పుడు, కింద మగవాళ్ళ బాస్కెట్‌బాల్ గొడవ ఒకేసారి మొదలయ్యేవి.

అవి ఎనభైల మొదటి రోజులు. మేమంతా అభిమానించే కాలేజీ జట్టు పూర్తిగా చితికిపోయింది. దాన్ని మళ్ళీ నిలబెట్టడానికి కొత్త కోచ్ వచ్చాడు. నిలబెడుతున్నాడా లేదా... మా అంకుల్స్‌కి లోకంలో వేరే ప్రశ్న లేదు. అందరూ కార్ల కంపెనీల్లో ఇంజనీర్లు. గుంటూరులో ఉన్నన్నాళ్ళూ ఆ బంతి ముట్టుకుని ఎరగరు. అయినా ప్లేట్లో పులిహోర చల్లారిపోతున్నా వాదన ఆపేవాళ్ళు కాదు.

"రెండేళ్ళయిందండీ! ఏం ప్రోగ్రెస్ చూపించాడు? ఫైర్ చేసేయాలి," అనేవారు సామ్యూల్ అంకుల్.

"అట్లా అంటే ఎట్లాగండీ? పునాది దగ్గర్నించి కట్టుకొస్తున్నాడు. అంతా కొత్త కుర్రాళ్ళు. ఓడతారు, నేర్చుకుంటారు. టైమ్ ఇవ్వాలి," అనేవారు మా నాన్న.

ఇద్దరూ తాము పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకమే. నేను మాత్రం నాన్న పక్షం. ఓడిపోయేవాళ్ళ తరఫున అంత గట్టిగా మాట్లాడే మనిషి మా నాన్నే అని ఎంత గర్వపడేదాన్నో...

మా ఆరాధనలో ఒక పద్ధతి ఉండేది. ముగింపు ప్రార్థనకు ముందు ఒక్కొక్కరూ ప్రార్థన మనవి చెప్పాలి. ఒకరు గ్రీన్‌కార్డ్ అంటారు, ఒకరు ఊళ్ళో అమ్మ మోకాళ్ళ నొప్పులంటారు. ఒకసారి మా నాన్న లేచి, "మన కోచ్ గారి గురించి కూడా ప్రార్థన చెయ్యండి," అన్నారు. అందరూ నవ్వారు. నాన్న నవ్వలేదు.

ఆ చలికాలమే నేను స్కూల్లో అమ్మాయిల జట్టులో చేరాను. ఏడో క్లాసు. మా జట్టు కూడా కొత్తదే. వరసగా ఓడిపోయాం. నాకు ఆటలో దిగే అవకాశం కూడా పెద్దగా రాలేదు. అయినా ఆ జెర్సీ వేసుకున్న రోజు నాకు నేల మీద కాలు నిలిచేది కాదు.

ఒకరోజు భోజనాల దగ్గర నాన్న అన్నారు. "గెలవని టీమ్‌లో నువ్వేం నేర్చుకుంటావమ్మా? టైమ్ వేస్ట్. మీ టీచర్‌కి ఫోన్ చేసి చెప్పేశాను. సోమవారం ఆ జెర్సీ ఇచ్చేసెయ్."

"నాన్నా, సీజన్ ఇప్పుడేగా స్టార్ట్ అయింది!"

"చెప్పాను కదా, రూతూ."

అమ్మ ఆ రాత్రే జెర్సీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి నా బల్ల మీద పెట్టింది. చెప్పేవి శ్రీరంగనీతులు అంటే ఏమిటో నాకు ఆ మడత చూస్తే అర్థమైంది.

ఇంక ఒక్క ఆదివారమే మిగిలింది. మనవులు చెప్పే వేళ నేను లేచి నిలబడ్డాను. "మా నాన్న కోచ్‌కి ఇచ్చినంత టైమ్ నాకు కూడా ఇచ్చేలా ప్రార్థన చెయ్యండి," అన్నాను.

ఆరాధన నడిపించే ప్రభుదాసు అంకుల్ ఒక్క క్షణం నన్ను చూసి, "అలాగే తల్లీ," అన్నారు. కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డ తండ్రికి ఓర్పు దయచేయుము," అని ప్రార్థించారు. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ మా నాన్న కూడా అన్నారు! నా చెవులతో విన్నాను.

కారులో మాత్రం, "నలుగుర్లో నా పరువు తీశావు," అన్నారు. అంతే. సోమవారం జెర్సీ వెనక్కి వెళ్ళిపోయింది.

తర్వాత రెండేళ్ళకి ఆ కోచ్ జట్టు నిజంగానే నిలబడింది. ఒక పెద్ద ఆట గెలిచిన రోజు నాన్న టీవీ ముందు కళ్ళు తుడుచుకుంటూ నా వైపు తిరిగారు. "చూశావా రూతూ? ఓపిక పడితే ఎట్లా ఉంటుందో!"

నేను నా గదిలోకి వెళ్ళి తలుపు ధడాలున వేసుకున్నాను. ముక్కూ మొహం తెలియని మనిషి మీద కొండంత నమ్మకం. కన్నకూతురి మీద ఆవగింజంత కూడా లేదు. ఆ కోపం ఇప్పటికీ చల్లారలేదు, చల్లారిందని అబద్ధం చెప్పను.

మొన్న మా అమ్మాయి స్కూల్ ఆటకి నాన్నని తీసుకెళ్ళాను. వాళ్ళ జట్టు చిత్తుగా ఓడిపోయింది. పాప మొహం వేలాడేసుకుని వచ్చింది. నాన్న దాని తల నిమిరి, "మొదటి సీజనే కదా బంగారూ... ఇంకా టైమ్ ఉంది," అన్నారు.

అది నవ్వింది. నేను కారు తెస్తానని చెప్పి పార్కింగ్ లాట్‌లోకి వెళ్ళి, స్టీరింగ్ పట్టుకుని ఏడ్చాను. సంతోషం కాదండీ, కోపమే. ఆ మాట ఆయన నోట్లో అన్నేళ్ళూ ఉంది. నా దాకా మాత్రం రాలేదు.

ఇప్పుడు పిల్లలకి ఓడిపోయే హక్కు ఉంది... మాకు ఉండేది కాదు. మీకు దక్కాల్సిన ఓపికని మీ ఇంట్లో ఎవరు పట్టుకుపోయారో కింద రాయండి. ఇవాళ నా కోపానికి కాస్త తోడు కావాలి...