లాకు వేసినా మాట్లాడే ఫోను

నా వేళ్ళకు ముద్రలు లేవు. పట్టునూలుకు రంగులు వేసే మా ఇళ్ళలో ఇదేమీ వింత కాదు. ముప్పై ఏళ్ళు కాగే నీళ్ళలో, సోడాలో, యాసిడ్‌లో నానిన వేళ్ళకు గీతలు ఎక్కడ మిగులుతాయి? రేషన్ షాపులో మిషను మీద వేలు పెడితే ఇంకోసారి పెట్టమంటుంది, ఇంకోసారి పెడితే మళ్ళీ అదే మాట. అలాంటి నాకు మా అమ్మాయి వేలు ఆనిస్తే తెరుచుకునే ఫోను కొని ఇచ్చింది. గుడ్డివాడికి అద్దం బహుమతి ఇచ్చినట్టు.

అంకెలు నొక్కి కూడా తెరవచ్చు. కానీ తడి చేత్తో ఆరు నొక్కితే తొమ్మిది పడుతుంది. పైగా పనిలో ఉండగా చెయ్యి తీయడానికి వీలుండదు. కొప్పెరలో రంగు మరుగుతున్నంతసేపూ నూలు చిలపలను కర్రల మీద తిప్పుతూనే ఉండాలి. రెండు నిమిషాలు వదిలేస్తే చారలు పడతాయి. చారలు పడిన పట్టును నేతగాళ్ళు మన మొహానే కొడతారు. ఫోనుకు ఇవేవీ పట్టవు, పొద్దుటి నుంచీ మోగుతూనే ఉంటుంది.

అందుకని ఒక ఆదివారం అమ్మాయిని పెరట్లో కూర్చోబెట్టి, మాటతో పనిచేసేటట్టు ఫోనును మార్చమన్నాను. ఆ పిల్ల ఇక్కడే బెంగళూరులో, వర్తూరు వైపు ఏదో ఆఫీసులో కంప్యూటర్ల పని చేస్తుంది. ఇలాంటివి తనకు మంచినీళ్ళ ప్రాయం.

"నాన్నా, లాకులో ఉన్నా కాల్ చెయ్యమంటే చేస్తుంది. అంతవరకూ పెడతాను. మెసేజులు చదివేది మాత్రం లాకు తీసినాకే. లేకపోతే ఇంక లాకు ఎందుకు?" అంది.

"నా చేతులు సూడమ్మా. తీసేదెట్ల? అన్నీ చదవనీ. దాచుకునేంత గుట్టు నా దగ్గర ఏముండాది, ఏ రంగుకు ఎంత పొడి ఏసేదా?"

నిజానికి మా ఇంట్లో గుట్టంటే అదొక్కటే. అది ఫోనులో లేదు, నా తలలోనూ మా అన్న తలలోనూ ఉంది. అమ్మాయి మూతి ముడుచుకుని నేను చెప్పినట్టే చేసింది.

తరువాత ఫోను నా గొంతు గుర్తుపట్టడానికి ఒకే మాటను మళ్ళీ మళ్ళీ పలకమంది. పక్కనే పొయ్యి హోరు. రెండుసార్లు పలికాను. మూడోసారి వినబడలేదంది, మళ్ళీ పలికినా అదే పాట. కర్రలు తిప్పుతున్న మా అన్నకు విసుగొచ్చి, ఉన్నచోటి నుంచే ఆ మాటను గట్టిగా అరిచాడు. ఫోను వెంటనే ఒప్పుకుంది. "అయిపాయ పోప్పా, సుమ్నే, ఊరికే గంట నుంచి అదే మాట!" అన్నాడు. మా ఇద్దరిదీ ఒకే గొంతు. ఫోనులో మాట్లాడితే మా ఆడవాళ్ళే పొరపడతారు, పాపం ఆ యంత్రమెంత? ఆ రోజు నుంచి దానికి ఇద్దరు యజమానులు. మేము దాన్ని చూసి తెగ నవ్వుకున్నాం. నాకైతే మూడో చెయ్యి మొలిచినంత హాయిగా ఉండేది.

కొన్ని నెలలు గడిచాక నా భార్యకు స్నానం చేస్తుండగా రొమ్ములో గడ్డ తగిలింది. శనగగింజంత ఉందంది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ సూదితో ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం రావడానికి పది రోజులు పడుతుందని, రాగానే మెసేజ్ వస్తుందని చెప్పారు. మెట్లు దిగుతూ నా భార్య మధ్యలో ఆగిపోయింది.

"ఎవురికీ చెప్పద్దు మీరు. మీ అమ్మకు అసలే వద్దు. ఆమెకు తెలిస్తే బెంగళూరులో ఒక్క దేవుణ్ణి కూడా వదలదు. అందరూ నా మొహమే సూస్తా కూసుంటే నేను తట్టుకోలేను. ఏముండాదో తెలిసినాక నేనే చెప్తాను."

సరేనన్నాను. ఆసుపత్రి కాగితంలో రాయించిన నంబరు కూడా నాదే. తన ఫోను ఇంటిల్లిపాది చేతుల్లోనూ తిరుగుతుంది, నాదైతే లాకు వేసి ఉంటుంది, అదే పదిలమని తనే నా నంబరు చెప్పింది. నాకు ఆ క్షణాన పెరట్లో అమ్మాయి అన్న మాట గుర్తుకు రావలసింది. రాలేదు.

నా నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో పేరు. అయినా ఆ పది రోజులూ నోరు కట్టేసుకున్నాను. భయంగా ఉండేది. ఎర్ర రంగు కలుపుతున్నా భయం, అన్నం కలుపుతున్నా భయం. అన్నతో ఒక్క మాట చెప్పుకుంటే బరువు దిగుతుందనిపించేది. మెట్ల మీద ఇచ్చిన మాట అడ్డం వచ్చేది.

పదో రోజు ఒక పెళ్ళి చీరలకు వంకాయ రంగు వేస్తున్నాం. నా చేతులు రెండూ కర్రల మీద ఉన్నాయి. మా అమ్మ గోడవారగా పీట వేసుకుని చిక్కుపడ్డ చిలపలు విడదీస్తోంది. ఫోను గూట్లో ఉంది. మెసేజ్ వచ్చిన చప్పుడు వినబడింది. చేతులు తుడుచుకుని వెళదామనుకునే లోపలే, దానికి దగ్గరగా ఉన్న అన్న, నాకు సాయం చేస్తున్నాననుకుని, మెసేజ్ చదవమని దానికి చెప్పేశాడు.

"వద్దు!" అని అరిచాను. పొయ్యి హోరులో వినబడాలని ఫోను గొంతు పూర్తిగా పెంచి పెట్టింది నేనే. ఫోను నా భార్య పేరు చదివింది. బయాప్సీ రిపోర్టు వచ్చిందని, క్యాన్సర్ విభాగంలో ఈ రోజే డాక్టరును కలవమని చదివింది. ఇంగ్లీషులోనే చదివింది కానీ, క్యాన్సర్ అన్న మాటకు మా అమ్మకు అర్థం చెప్పనక్కరలేదు. పెరటి గుమ్మంలో నా భార్య కాఫీ లోటాల పళ్ళెంతో నిలబడి ఉంది.

అమ్మ చిలప కింద పెట్టి లేచింది. ఇక ఏడుపూ మొక్కులూ మొదలనుకున్నాను. అమ్మ నేరుగా వెళ్ళి, ఆ పళ్ళేన్ని కోడలి చేతుల్లోంచి తీసుకుంది.

"ఎన్ని దినాలైంది?"

"పది, అత్తా."

"పోయి రాండి. మీరొచ్చేదాకా నేను నోరు తెరవను."

అన్న వచ్చి నా చేతుల్లోంచి కర్రలు లాక్కున్నాడు. "నువ్వు పోప్పా, రంగు నేను సూసుకుంటా" అన్నాడు. నా మొహం చూడలేక కొప్పెరలోకి చూస్తూ అన్నాడు.

ఆటోలో నా భార్య ఒకే ఒక్క మాట మాట్లాడింది. "మీ ఫోనుకు లాకు ఉండాదని కదా, ఆ నంబరు ఇచ్చింది." నాకు తల కొట్టేసినట్టయింది. అన్న తప్పనడానికి లేదు, ఫోను తప్పనడానికీ లేదు. తలుపుకు తాళం వేసి కిటికీ బార్లా తెరిచి పెట్టింది నేను. అడిగినవాడికల్లా జవాబు చెప్పమన్నదీ నేనే.

డాక్టరమ్మ కాగితం చూసి, క్యాన్సర్ కాదమ్మా అంది. ఉత్త కొవ్వుగడ్డ, ఆరు నెలలకు ఒకసారి వచ్చి చూపించుకుంటే చాలంది. భయపడడానికేమీ లేదని కన్నడంలో ఇంకోసారి చెప్పింది. నా భార్య మూడుసార్లు అడిగి మూడుసార్లూ అదే జవాబు చెప్పించుకుంది. నేను అక్కడే కుర్చీలో కూలబడ్డాను. అంత సంతోషం పెళ్ళినాడు కూడా నాకు కలగలేదు. ఈ సంగతి ఆమెకు చెబితే, "తెలుసు, ఆ పొద్దు మీరు జ్వరంతో ఉంటిరి" అని నవ్వింది. పది రోజుల తరువాత ఆ నవ్వు.

బయటికి రాగానే అలవాటు కొద్దీ ఫోను నోటి దగ్గర పెట్టుకుని ఇంటికి కాల్ చెయ్యమనబోయాను. ఆమె అరచేత్తో ఫోనును మూసేసింది.

"సాకు, ఇంక చాలు. ఈసారి నేను చెప్తాను."

ఆటోలో కూర్చున్నాక ఫోను అడిగి తీసుకుంది. అంకెలు నేను నొక్కాను, మిగతాది తన ఫోను నుంచి అమ్మాయికి కాల్ చేసి తెలుసుకుంటూ తనే చేసింది. లాకులో మెసేజులు చదవడం ఆపేసింది. అన్న గొంతు చెరిపేసి నా చేత మళ్ళీ పలికించింది, ఆటో డ్రైవరు అద్దంలోంచి వింతగా చూస్తుండగా. కాల్ చేసేదాన్ని మాత్రం ముట్టుకోలేదు. "అది ఉండనీ. కాగే నీళ్ళ దగ్గర పని, ఎప్పుడేమైతుందో ఎవురికి తెలుసు" అంది. కోపం పోయిందని అప్పుడు నాకు అర్థమైంది.

ఇంటికి వచ్చేసరికి పెరట్లో పొయ్యి ఆర్పేసి ఉంది. అన్న నిలబడే ఉన్నాడు. అమ్మ పీట మీద, అదే చిలప ఒళ్ళో పెట్టుకుని, మాట ఇచ్చినట్టే నోరు మూసుకుని కూర్చుని ఉంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. నా భార్య వెళ్ళి ఆమె ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఉత్త గడ్డే అత్తా. చెడ్డది కాదంట."

అమ్మ ఆమె గడ్డం పట్టుకుంది. అప్పుడొచ్చింది ఏడుపు. "ఇంగోసారి చెప్పమ్మా" అంది.

పెరడంతా వినబడేటట్టు ఆమె ఇంకోసారి చెప్పింది.