సారు పెట్టించుకున్న తాళం

వనపర్తిలో నేను అద్దెకున్న ఇంట్లో ఇంటర్నెట్ రౌటర్ బిగించింది నేనే. కింద యజమాని, రిటైరైన ఆఫీసరు. మీది గదిలో నేను. కనెక్షన్ ఆయనది, బిల్లు చెరిసగం. డాక్టర్లు చెప్పిన మాటలు టైపు చేసి, రోజూ సాయంత్రానికల్లా హైదరాబాద్‌లోని కంపెనీకి పంపడం నా ఉద్యోగం. నెట్ లేకపోతే నాకు కూడు లేదు. ఆ సంగతి సారుకూ తెలుసు.

"పక్కింటోళ్లు మన నెట్ వాడుకుంటున్నరేమో తమ్మీ, జర బందోబస్తు చెయ్" అన్నాడొకరోజు. ప్రతి కంప్యూటర్‌కూ ఒక నంబరుంటుందని, రౌటర్‌లో ఎక్కించిన నంబర్లకే నెట్ వస్తుందని చెప్పి, ఆయనదీ నాదీ ఎక్కించాను. ఎక్కించడం, తీసేయడం రెండూ చూపించాను. ఆయన భార్య చాయ్ ఇచ్చింది.

తర్వాతి వారం మా ఊరు పెద్దమందడి నుంచి మా అమ్మ పల్లికాయల మూటతో వచ్చి, వాళ్లకూ కొన్ని ఇచ్చింది. "ఊర్ల మీ ఇల్లు ఏడ?" అని సారు భార్య అడిగితే, "చర్చి ఎనుక వాడల, అమ్మా" అని ఉన్నదున్నట్టు చెప్పింది. కులం తెలిసిపోయింది.

మర్నాడు నాకు నెట్ రాలేదు. కిందికి దిగి చూస్తే రౌటర్ లైట్లన్నీ వెలుగుతున్నాయి. సారు తన కంప్యూటర్‌లో నెట్ పేపర్ చదువుతూనే, "లైన్ ఖరాబైనట్టుంది, పరేషాన్ గాకు" అన్నాడు. తమ్మీ అనలేదు. నా నంబరు తీసేశాడని అప్పుడే అర్థమైంది. మా అమ్మ ఇచ్చిన పల్లికాయలు మెట్ల కింద చీమలు పట్టి ఉన్నాయి.

నెట్ సెంటర్ల చుట్టూ తిరిగాను గానీ ఫైళ్లు ఆలస్యమయ్యాయి. కంపెనీ నా పని ఇంకొకరికిచ్చింది. గది ఖాళీ చెయ్యమని సారు ఒక్కమాటా అనలేదు. నోరు పారేసుకునే రకం కాదు, పెద్దమనిషి. నేనే ఖాళీ చేశాను.

కొన్ని నెలలకు ఫోన్ చేశాడు. "తమ్మీ, కొత్త లాప్‌టాప్ కొన్న. లైట్లు ఎలుగుతున్నయ్, నెట్ మాత్రం వస్తలేదు. ఎవ్వరినడిగినా తెల్వదంటున్నరు. జర వచ్చి చూడు."

కొత్త లాప్‌టాప్ నంబరు ఎక్కించుకోలేదు, అంతే. రెండూ చూపిస్తే తీసేయడం ఒక్కటే నేర్చుకున్నాడు. ఫోన్‌లో చెప్పినా నిమిషం పని.

"లైన్ ఖరాబైనట్టుంది సారూ, పరేషాన్ గాకుండ్రి" అన్నాను.

అంత హాయి నాకు జీతం అందిన రోజు కూడా కలగలేదు.