నాన్న ఫైబర్ గిటార్‌ని నేను కడిగిన శనివారం

మా కంచరపాలెంలో పూటకోసారి తడిగుడ్డ పెట్టకపోతే పోర్టు బొగ్గు దుమ్ముకి కిటికీలు నల్లబడిపోతాయి. ఆ అలవాటే నా కొంప ముంచింది. ఆ శనివారం నాన్న డ్యూటీకి వెళ్లగానే తన గిటార్‌ని బాత్‌రూంలోకి తీసుకెళ్లి, సబ్బు రాసి, మగ్గుతో నీళ్లు పోసి కడిగాను. ప్లాస్టిక్కే కదా, బకెట్‌కి లేని భయం దీనికెందుకు అనుకున్నాను.

మధ్యాహ్నానికి అంచు దగ్గర పైచెక్క లేచిపోయింది. గోరు దూరేంత సందు. మర్నాడు చర్చిలో పాటలకి వాయించాల్సింది నాన్నే, అదీ ఆ గిటార్ మీదే. దాని వీపు పుచ్చకాయ సగంలా గుండ్రంగా ఉంటుంది, ఒళ్లో నిలవదు. జారకుండా తొడ మీద తువ్వాలు పరుచుకుని మరీ వాయిస్తాడు. "ఈ డొక్కు మార్చెయ్ నాన్నా" అని ఎన్నిసార్లు ఏడిపించానో. ఒక్కసారీ ఒప్పుకోలేదు.

నాన్న ఆరింటికి వచ్చేస్తాడు. వన్ టౌన్‌లో వాయిద్యాలు బాగుచేసే భాయ్ దగ్గరికి ఆటోలో పరిగెత్తాను. చవకరకం, పోతే పోయిందిలే అని దారంతా నాకు నేనే చెప్పుకున్నాను. పచ్చి అబద్ధం. ఒళ్లోంచి జారకుండా దాన్ని రెండు చేతులా పట్టుకునే ఉన్నాను.

భాయ్ దాన్ని బోర్లించి, వేలితో కొట్టి విన్నాడు.

"ఎనకాల అతుకేటైనా కనిపిస్తందా? ఒకటే పోత. పాతకాలం ఫైబర్. చవకదే గానీ పైది అసలు సెక్కమ్మా, పలికేది అదే. దానికి నీళ్లు పోసేవేటి?"

లోపలికి టార్చి వేసి చాలాసేపు చూశాడు.

"ఇక్కడ పాత జిగురుంది. ఇంతకుముందోసారి లేచినాది, ఎవరో ఓపిగ్గా అతికేరు. మళ్లీ అతుకుతాది. బిగించి రెండ్రోజులు ఉంచాలి."

రేపే ఆదివారం. ఇక దాచే దారి లేదు. కొట్టు మెట్ల మీద కూర్చుని ఫోన్ చేశాను.

"నాన్నా, నాను నీ గిటార్ కడిగీసేను. పైచెక్క లేచిపోనాది."

అటునుంచి మిషన్ల చప్పుడు మధ్య నాన్న గొంతు వినిపించింది.

"మళ్లీ కడిగీసేవేటే?"

"మళ్లీ ఏటి నాన్నా?"

"నీకు నాలుగేళ్లప్పుడు దానికి తానం సేయించీసేవు. మీ అమ్మకి తెలిస్తే తంతాదని నానే అతికీసేను."

ఇన్నేళ్లలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. మెట్ల మీదే ఏడ్చేశాను.

"రేపు పాటలకెలా నాన్నా?"

"సప్పట్లు కొట్టుకుందాం. ఇంటికెల్లి ఆ తువ్వాలు మాత్రం ఉతికీకు."