పావు అంటే ఎంత

పోయినవి ముందు రాస్తాను. ఉత్తరం వైపు కిటికీ అద్దం ఒకటి. దుంగల సందుల్లో మెత్తిన సున్నం, పదిహేడు చోట్ల. అలమరలోంచి జారిన కప్పులు రెండు. మా ఆయన ఎడమ చేతి చూపుడు వేలి గోరు ఒకటి. గోరు మళ్ళీ వచ్చింది, కాస్త వంకరగా.

టకానిని అనే ఊరు దాటి కొండల వైపు వెళ్తే మా ఇల్లు. పాత మాక్రోకార్పా చెట్టు దుంగలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. ఇక్కడి పాత ఇళ్ళకు పునాది అంటే నేలలో పాతిన పొట్టి గుంజలు. పైల్స్ అంటారు. మావి చీకిపోయాయి. ఇంటిని పైకి లేపి, కొత్తవి పాతి, మళ్ళీ దించాలి. వరంగల్‌లో ముప్ఫై ఏళ్ళు తలుపుల పని చేసి, కూతురి దగ్గరకు మా పక్క ఊరు పాపటోయిటోయి వచ్చిన అంకుల్ ఒకాయన ఉన్నారు. ఆయనకు ఈ సంగతి చెబితే పగలబడి నవ్వారు.

“ఇంటికి పైల్సా? గిన్నేండ్లు ఒక్క తాన కూసుంటే రాకుంటయా బిడ్డా!”

నేను గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టే మనిషిని. లెక్కలు నాకెవరూ నేర్పలేదు, చేసుకుంటూ పోతే వచ్చాయి. గోడల చుట్టుకొలత, దుంగ మందం, వరసలు గుణించి, కప్పూ నేలా కలిపి, తలుపులూ కిటికీలూ తీసేస్తే పదకొండు టన్నులు తేలింది. ఇళ్ళు లేపే పని చేసే ఈ దేశపు మనిషి, కివీ ఆయన, విడిగా లెక్కవేసి అదే అన్నాడు. అంకె కలిసిందని సంతోషించాల్సింది పోయి నాకు నిద్ర పట్టలేదు. అంతవరకూ అది ఇల్లు. ఆ తర్వాత మా నెత్తిన ఉన్న బరువు.

ఇంటి అడుగున రెండు ఇనుప దూలాలు దూర్చి, వాటి నాలుగు చివరలా మరజాకీలు పెట్టాడాయన. ప్రతి జాకీ పక్కనా చెక్కదిమ్మెలు ఒక వరస నిలువుగా, ఒక వరస అడ్డంగా పేర్చిన దొంతర. ఎంత లేస్తే అంత సందులో వెంటనే పలక దూర్చాలి. జాకీ జారినా ఇల్లు పడటానికి చోటు ఉండకూడదన్నది ఆయన నియమం. ఆ రోజు ఆయన పనివాడు రాలేదు. అటువైపు రెండు జాకీలు ఆయన పట్టాడు. ఇటు ఒకటి నేను, ఒకటి సాయానికి వచ్చిన అంకుల్. పలకలు దూర్చడం మా ఆయన పని. ఎప్పుడు ఎంత తిప్పాలో అందరికీ చెప్పడం నా పని.

మర పావు చుట్టు తిప్పితే రెండు మిల్లీమీటర్లు. అటు చూసి “క్వార్టర్” అనేదాన్ని, ఇటు చూసి “పావు, అంకుల్” అనేదాన్ని. నాలుగుసార్లు అన్నాను. దుంగలు మూలిగాయి. పాత ఇల్లు కదా అనుకున్నాను.

“ఇక్కడ పలకలు ఎక్కువ పడుతున్నాయేంటి?” అన్నారు మా ఆయన, అంకుల్ మూల దగ్గర బోర్లా పడుకుని.

“దొంతర నేలలోకి దిగుతోందేమో. దూర్చేయండి.”

మేస్త్రీల పద్ధతిలో నీళ్ళ గొట్టం పెట్టి మట్టం చూశాను. మూడు మూలలూ ఎనిమిది మిల్లీమీటర్లు లేచాయి. అంకుల్ మూల ఇరవై అయిదు. గొట్టంలో బుడగ చేరిందనుకున్నాను. నా పుస్తకంలో నాలుగు ఎనిమిదులూ శుభ్రంగా ఉన్నాయి మరి. అంతా బాగుందా అని కివీ ఆయన అటునుంచి అరిస్తే, బాగుందన్నాను.

“పావు, అంకుల్.”

ముందు అద్దం పగిలింది. తర్వాత జాకీ పక్కకు వాలింది. ఇల్లు ధన్‌మని దిగింది, ఆరు మిల్లీమీటర్లే. కానీ ఆ కింద మా ఆయన భుజాల దాకా ఉన్నారు. అరుపు విని అటు పరిగెత్తాను.

“ఏవండీ!”

“ఉన్నా, ఉన్నా. వేలు.”

పలక అంచుకీ దూలానికీ మధ్య గోరు ఇరుక్కుంది. కివీ ఆయన పరిగెత్తుకొచ్చి రెండో జాకీ పెట్టి లేపితే వేలు వచ్చింది, గోరు రాలేదు. అంకుల్ చేతిలో కొలత టేపు కనబడింది.

“నువ్వు పావంటివి, నేను టేపు పెట్టి పావించి లేపితి. మా పనిల పావంటే గదే కద బిడ్డా!”

పావు అంగుళం ఆరు మిల్లీమీటర్ల పైమాట. నేను అడిగింది రెండు.

“పదకొండు టన్నుల్లో ఈ గోటి వాటా ఎంతో లెక్క చెప్పు,” అన్నారు మా ఆయన, గుడ్డ చుట్టుకుంటూ. నేను మాత్రం ఆ దొంతర ఎత్తు కొలుస్తున్నాను. అరవై రెండు సెంటీమీటర్లు. అది లేకపోతే ఇల్లు అంత దిగేది.

మర్నాటి నుంచి కివీ ఆయన మనుషులే మిల్లీమీటర్లలో లేపారు. కొత్త గుంజలు పడ్డాయి. చివర్న అంకుల్ మూల ఇంకొంచెం లేపాలన్నాడాయన. మా ఆయన ఆ కిందకు తల వంచి చూస్తున్నారు. “చాలు, ఆపండి,” అన్నాను.

ఇప్పటికీ ప్రతి నెలా మొదటి తేదీన నీళ్ళ గొట్టం పెట్టి చూస్తాను, బుడగ లేకుండా. ఒక పూట పని, కివీ ఆయన్ని పిలుద్దామా అంటారు మా ఆయన. పలకతో ఎవరో ఒకరు మళ్ళీ అక్కడ చేయి పెట్టాలి. లేపమని నేను చెప్పాలి. వచ్చే నెల చూద్దామంటాను.

ఆ మూల లేవాల్సింది ఇంకా బాకీ, తొమ్మిది మిల్లీమీటర్లు.