బాయికాడికి తోలిన తెల్లకుక్క

మా తెల్ల కుక్కపిల్ల తప్పిపోలేదు. నేనే దాన్ని కేతేపల్లి అవతల ఒక రైతు దగ్గర వదిలి వచ్చాను. గేటు తెరిచి ఉంటే వెళ్లిపోయిందని ఇంట్లో చెప్పాను. ఆ పొద్దున అందరికంటే చివర ఇల్లు దాటింది నా భార్య. నేను ఆమె పేరు ఎత్తలేదు. ఎత్తకుండానే నేరం ఆమె మీదికి పోయింది, నేను పోనిచ్చాను.

తెలంగాణ వచ్చిన కొత్త. నకిరేకల్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నాకు నల్లగొండలో ఆఫీసు, నా భార్య దవాఖానలో నర్సు, బిడ్డ చిన్న క్లాసు. పొద్దున తాళం పడితే మళ్లీ సాయంత్రమే తీసేది. అలాంటి ఇంటికి కుక్క కావాలని బిడ్డ మొండికేసింది.

"మనకే అన్నం తినేటందుకు టైం లేదు. దాన్నెవరు చూస్తరు?" అంది నా భార్య.

"చిన్నది, సప్పుడు చెయ్యనిది తెస్త తియ్," అన్నాను.

చిన్నదైతే నెమ్మదిగానే ఉంటుందని నా నమ్మకం. తెలిసినవాళ్లింట్లో కుక్కపిల్లలు పుట్టాయంటే ఒక మధ్యాహ్నం పోయి చూశాను. తల్లి పాలు తాగి అన్నీ గంపలో నిద్రపోతున్నాయి. అన్నిట్లోకి చిన్నదాన్ని ఎత్తితే నా అరచేతిలో కూడా నిద్ర లేవలేదు. కడుపు నిండి తల్లి పక్కన పడుకున్న పిల్లను చూసి, దాని గుణం ఇదేనని తేల్చేశాను.

మేము ఇంట్లో ఉన్నంతసేపు అది బంగారమే. దాన్ని గేటు లోపల వరండాలో వదిలి, ఇంటికి తాళం వేసి వీధి మలుపు తిరిగామో లేదో ఏడుపు మొదలుపెట్టేది. ఈ సంగతి మాకు చాలా రోజులు తెలియదు. పై అంతస్తులో ఉండే ఇంటి ఓనరు ఒకనాడు నన్ను బస్‌స్టాండు దగ్గర ఆపాడు.

"సారూ, మీరు పోంగనే షురూ అయితది. మా నాయిన పక్షవాతం మనిషి, నిద్ర పోతలేడు. కుక్కనన్న తియ్యుండ్రి, ఇల్లన్న ఖాళీ చెయ్యుండ్రి."

ఈ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే, నేను ముందే అనలేదా అని నా భార్య అంటుంది. ఆ ఒక్క మాట పడలేక ఇదంతా చేశాను.

మా దిక్కు ఇంట్లో ఇమడని కుక్కను బాయికాడికి, అంటే పొలం దగ్గరికి, తోలడం మామూలే. అక్కడ పందులను తరుముతుంది, మోటరు షెడ్డులో పడుకుంటుంది. అది పాపమని ఎవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు. కాకపోతే బాయికాడ బతికేవి ఊరకుక్కలు. మాది ఫ్యాను కింద పడుకునే జూలు కుక్క. ఒకనాడు మధ్యాహ్నం సెలవు పెట్టి వచ్చి, దాన్ని స్కూటరు ముందు నిలబెట్టుకుని తీసుకెళ్లాను. దారి పొడవునా గాలికి ముక్కు ఎత్తి సంతోషంగా నిలబడింది.

రైతు నవ్వాడు. "ఏంది సార్, గిది కావలి కాస్తదా? దీనికే ఓ మనిషిని కావలి పెట్టాలె!"

సాయంత్రం బిడ్డ బడి నుంచి వచ్చి ఇల్లంతా వెతికింది. తల్లి రాగానే, "అమ్మా, గేటు పెట్టి పోలేదా?" అంది.

"పెట్టిననే అనుకుంటున్న... డ్యూటీకి ఆలస్యమైతాందని ఉరికిన. యాదికొస్తలేదు." నా భార్య నా వైపు తిరిగింది. "నువ్వొచ్చేసరికి గేటెట్లుంది?"

"తెరిచే ఉండె," అన్నాను.

ఆమె డ్యూటీ బట్టల్లోనే సందు సందు తిరిగి అడిగింది. నేనూ వెంట నడిచాను. కుక్కను పేరు పెట్టి పిలిచాను కూడా.

ఆ ఎండాకాలం సంతలో రైతు కనబడ్డాడు. "మస్తు చూసుకున్న సార్. ఎండలకు తట్టుకోలే, సచ్చిపోయింది," అన్నాడు. ఆ మాట కూడా నాలోనే ఉండిపోయింది.

నా భార్యకు అప్పటి నుంచి తన మతి మీద తనకు నమ్మకం పోయింది. వీధి చివర దాకా పోయి వెనక్కి వచ్చి తాళం లాగి చూసేది. సూది వేసే ముందు కూడా పక్క నర్సును పిలిచి మందు చూపిస్తున్నానని ఒకసారి తనే చెప్పింది. నేను తలూపాను.

కిందటేడు బిడ్డ మళ్లీ కుక్క మాట ఎత్తింది. అప్పటికి తను డిగ్రీ చదువుతోంది, నాకంటే తెలివిగా వెతికింది. పిల్ల వద్దు, గుణం తెలిసిన పెద్ద కుక్క కావాలంది. కొల్లాపూర్‌లో ఒక కుటుంబం ఊరు మారుతూ తమ చిన్న గోధుమరంగు కుక్కను ఇస్తామంటే ముగ్గురం పోయాం. వాళ్లను తాళం వేసి బయటికి రమ్మని, బిడ్డ చాలాసేపు గోడ అవతల చెవి పెట్టి నిలబడింది. లోపల కుక్క కాసేపు మూలిగి ఊరుకుంది. కిటికీలోంచి చూస్తే తలుపు దగ్గర ముడుచుకుని పడుకుని ఉంది.

"గిదే మనింటిది డాడీ," అంది బిడ్డ.

నా భార్య దగ్గరికి రాలేదు. "మంచిగనే ఉంది. కని నా మీద పెట్టకుండ్రి. ఇంకోటి నా చేతుల పోతే నేను తట్టుకోలేను."

"ఫికర్ చెయ్యకే అమ్మా! గేటు మరిచినందుకు నీ మెడకే గంట కడ్త," అంది బిడ్డ. తల్లి కూడా నవ్వింది. అన్నేళ్లుగా ఆమె ఆ నేరాన్ని అలా నవ్వి ఒప్పుకుంటూనే ఉంది.

"నువ్వు గేటు పెట్టే పోయినవ్," అన్నాను.

ఇద్దరూ నా వైపు చూశారు. స్కూటరు, రైతు, ఎండాకాలం, అన్నీ చెప్పాను.

నా భార్య గొంతు పెంచలేదు. "ఆనాడు నిన్నడిగిన గద. ఎట్లుందని."

"అడిగినవ్. నేను అబద్ధమాడిన. నీ మతికి ఏం కాలే, ఆనాడూ కాలే, ఇప్పుడూ కాలే. కుక్క సచ్చింది నా వల్ల. బిడ్డ ముంగట ఇన్నేండ్లు నిన్ను దోషిని చేసిన, బిడ్డ ముంగటనే అంటున్న. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."